రోజూ సైటుకు వెళ్లి చూస్తున్నాను, ఇది అతి అంటారా?

ఈ వారం ఉత్తరం టెక్సాస్ నుంచి వచ్చింది. డాలస్‌కు ఉత్తరాన కొత్తగా లేస్తున్న ఒక కాలనీలో ఇల్లు కొనుక్కుంటున్న పాఠకురాలు రాశారు. తన పేరు, ఊరి పేరు, బిల్డరు పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. తొమ్మిది పేజీల ఉత్తరం కాబట్టి కుదించి చెబుతాను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. ఎనిమిదేళ్ల పాప. పదేళ్లు అద్దె అపార్టుమెంట్లలో గడిపాక ఈ ఫిబ్రవరిలో ఒక పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఏడెనిమిది ప్లాన్లు పెట్టుకుని వాటినే మళ్లీ మళ్లీ వందల లాట్లలో, అంటే ఇళ్ల స్థలాల్లో, కట్టే కంపెనీ అది. మోడల్ ఇల్లు చూసి ప్లాను ఎంచుకున్నారు. డిజైన్ సెంటరులో ఒక పూటంతా కూర్చుని టైల్సు, కౌంటర్లు, తలుపు పిడులు ఖాయం చేసుకున్నారు. అత్తగారు ఏడాదిలో ఆరు నెలలు వీళ్ల దగ్గరే ఉంటారు. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అందుకని కింది పడకగది బాత్రూములో టబ్బు వద్దని, గట్టు లేని షవరు పెట్టమని అదనంగా డబ్బు కట్టారు.

ఇంటికి పునాదిగా నేల మీద కాంక్రీటు స్లాబు పోసిన నాటి నుంచి ఆమె రోజూ ఆఫీసు అయ్యాక సైటుకు వెళ్తున్నారు. కొన్నిసార్లు పాపను కూడా తీసుకెళ్తున్నారు. ఫోనులో ఇప్పటికి 1,900 ఫొటోలు పోగయ్యాయి. రెండు వారాల క్రితం 23 లోపాలతో జాబితా రాసి సైట్ మేనేజరుకు ఈమెయిల్ చేశారు. "ఇళ్లు కట్టడం మాకు కొత్త కాదు, నిశ్చింతగా ఉండండి" అని ఆయన ఒక్క వాక్యం జవాబిచ్చి, ఆపైన ఫోను ఎత్తడం మానేశారు. ఇల్లు అమ్మిన సేల్స్ ఆవిడ నవ్వుతూనే, "మీకంత అసంతృప్తిగా ఉంటే చెప్పండి, ఈ లాటు కోసం వేరేవాళ్లు చూస్తున్నారు" అన్నారట. భర్తేమో "నలుగురిలో పరువు తీస్తున్నావు, అంతా అయ్యాక చివర్లో చూసుకుందాం" అంటున్నారు. వీటికి తోడు అత్తగారు అక్టోబరులో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి, టిక్కెట్లు కూడా కొనేశారు. మరో పది రోజుల్లో డ్రైవాల్, అంటే గోడ కర్రల మీద మూసే జిప్సం పలకలు, బిగిస్తారని కబురు.

ఉత్తరం చివర ఆమె మాటలు ఇవి: "రాత్రి రెండింటికి లేచి ఫొటోలు పెద్దవి చేసుకుని చూస్తున్నాను. నాకు ఇళ్లు కట్టడం గురించి ఏమీ తెలియదు. నా భయమంతా ఆ తెలియకపోవడమే. నేను అతి చేస్తున్నానా? లేక అందరూ కలిసి నన్ను అలా నమ్మిస్తున్నారా?"

రెండూ జరుగుతున్నాయండీ. మీ 23 అంశాల్లో చాలావాటి విషయంలో అతి చేస్తున్నారు. ఒక్క అంశంలో మాత్రం చేయవలసినంత చేయలేదు. అది మీ జాబితాలో పదిహేడోది. "గ్యారేజీలో కూల్‌డ్రింకు డబ్బాలు పారేశారు" అన్న పదహారో అంశానికీ, "పక్కింటికి మనకంటే ముందు కిటికీలు వచ్చాయి" అన్న పద్దెనిమిదో అంశానికీ మధ్య నలిగిపోయి ఉంది. "అత్తయ్య బాత్రూములో డ్రెయిన్ గొట్టం గోడ పక్కన వచ్చింది, మధ్యలో ఉండాలేమో?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కూల్‌డ్రింకు డబ్బాల వరసలోనే ముందుకు వెళ్లిపోయారు. మేనేజరూ అలాగే వెళ్లిపోయి ఉంటారు.

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలకు, కట్టేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు అయ్యే రోజు వస్తుందని తెలియదు. మీకు చూసే పని ఒక్కటే మిగిలింది కాబట్టి ఎక్కడ చూడాలో ముందు తేల్చుకుందాం. దానికి ఇలాంటి కంపెనీలో పని ఎలా నడుస్తుందో తెలియాలి. కంపెనీకి సొంత వడ్రంగులు, ప్లంబర్లు సాధారణంగా ఉండరు. స్లాబు ఒకరు పోస్తారు, ఫ్రేమింగ్, అంటే కర్రల చట్రం, ఇంకొకరు లేపుతారు, గొట్టాలు మరొకరివి. అందరూ సబ్ కాంట్రాక్టర్లే, ఇంటికింత అని మాట్లాడుకుని వచ్చేవాళ్లు. సైట్ మేనేజరు చేతిలో సుత్తి ఉండదు, క్యాలెండరు ఉంటుంది. ఒకేసారి చాలా ఇళ్లు ఆయన నెత్తిన ఉంటాయి. ఎవరు ఏ రోజు ఏ లాటులోకి రావాలో చూడటమే ఆయన ఉద్యోగం.

మీ ప్లాను ఆ చుట్టుపక్కల ఇప్పటికి పది చోట్ల లేచి ఉంటుంది. ప్లంబరుకు ఆ కొలతలు కంఠతా వచ్చేసి ఉంటాయి. అందరి ఇళ్లలో ఒకలాగే ఉండే వంటింటి సింకు గొట్టం తప్పే అవకాశం తక్కువ. మీరు ప్రత్యేకంగా అడిగి మార్పించుకున్నది మాత్రం డిజైన్ సెంటరు కాగితం మీద నుంచి ఆర్డరులోకి, ఆర్డరు నుంచి ప్లానులోకి, ప్లాను నుంచి ఆ తెల్లవారుజామున కందకంలో గొట్టం పెట్టే మనిషి చేతిలోకి దిగాలి. దారిలో ఎక్కడో జారుతుంది. చెయ్యి అలవాటైన చోటికే పోతుంది. కాబట్టి ఇల్లంతా గాలించకండి. మోడల్ ఇంటికీ మీ ఇంటికీ తేడా ఉన్న చోట్లే చూడండి. మీ కాగితాల్లో అలాంటి మార్పులు ఎన్ని ఉంటాయి? ఆరో ఏడో. ఒక్క శనివారం ఉదయం చాలు.

ఆ షవరు సంగతి కాస్త నింపాదిగా చెబుతాను. టబ్బుకు డ్రెయిన్ సాధారణంగా ఒక చివర, కుళాయి ఉన్న గోడ దగ్గరగా వస్తుంది. స్లాబు పోసేటప్పుడు అక్కడ అడుగు చదరంగా కాంక్రీటు లేకుండా చిన్న గుంత వదులుతారు, టబ్బు కింది బిగింపు కోసం. షవరుకైతే డ్రెయిన్ ఎక్కువగా నడిమధ్యన వస్తుంది. గట్టు లేని షవరుకు ఇంకో సంగతి ఉంది. నీళ్లు వాలుగా డ్రెయిన్ వైపు పారాలి, బయటి నేలేమో సమంగా ఉండాలి. అందుకే ఆ మేరకు స్లాబును కాస్త దించి పోయడం మామూలు పద్ధతి. మీ ఫొటోలో గోడ పక్కన గుంత ఉంది, నేల ఎక్కడా దిగలేదు. చూడబోతే టబ్బు కోసం వేసినట్టే ఉంది. అయితే గోడ వెంట పొడుగ్గా ఉండే డ్రెయిన్లు కూడా వస్తున్నాయి. మీ ఆర్డరులో అదే రాసి ఉంటే గొట్టం సరైన చోటే ఉన్నట్టు. అందుకని నింద వేయకండి, అడగండి.

టబ్బు కోసమే అని తేలితే మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏదీ నొప్పి లేనిది కాదు.

మొదటిది స్లాబు కోయించి గొట్టం జరిపించడం. చెప్పినంత తేలిక కాదు. మీ ప్రాంతంలో తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నల్ల బంకమట్టి ఎక్కువ. అందుకే అక్కడి స్లాబుల్లో చాలావరకు లోపల ఉక్కు తీగలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని బిగించి లాగుతారు. అర అంగుళం మందం తీగ ఒక్కొక్కటీ సుమారు 33,000 పౌండ్ల లాగుడులో ఉంటుంది. గ్యారేజీ నేల మీద "కోయరాదు, రంధ్రం వేయరాదు" అన్న ముద్ర ఉందేమో చూడండి. ఉంటే మీదీ అదే రకం. అలాంటి స్లాబును రంపం పట్టుకొచ్చిన మొదటి మనిషి చేత కోయించకూడదు. తీగలు ఎక్కడున్నాయో ముందు స్కాన్ చేయాలి, ఇంజినీరు కాగితం రాసివ్వాలి. కొన్ని వారాలు ఆలస్యం అవుతుంది, మీ అక్టోబరు జారవచ్చు. కానీ ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టుగా దక్కేది ఈ దారిలోనే. గోడలు తెరిచి ఉన్న ఈ పది రోజుల్లో చేయించడమూ, టైల్సు పడ్డాక చేయించడమూ ఒకటి కాదు.

రెండోది, గొట్టం ఉన్న చోటనే ఉంచి గోడ వెంట పొడుగు డ్రెయిన్ పెట్టించడం. వాలు సరిపోతుందా, గొట్టం కొలత షవరుకు చాలుతుందా అన్నవి ప్లంబరు తేల్చాలి. స్లాబు దించి లేదు కనుక గది నేలను కొంచెం లేపవలసి రావచ్చు. అప్పుడు గుమ్మం దగ్గర చిన్న ఎత్తు వస్తుంది.

మూడోది, రెండు మూడు అంగుళాల గట్టుతో మామూలు షవరు. బిల్డరు మొదట చూపేది ఇదే అవుతుంది, "అంత చిన్న గట్టేగా" అంటూ. మోకాళ్లు అరిగినవాళ్లకు తడి నేల మీద మూడు అంగుళాలు చిన్నవి కావు. రేపెప్పుడైనా చక్రాల కుర్చీ అవసరమైతే ఆ గట్టు గోడే. దీనికి ఒప్పుకుంటే మీరు కట్టిన అదనపు సొమ్ము వెనక్కి రావాలి, ఆ మాట కాగితం మీద ఉండాలి.

నాలుగోది, ఇప్పటికి ఊరుకుని ఇల్లు మీ పేరుకు వచ్చాక మీరే మార్పించుకోవడం. మీ వారి "చివర్లో చూసుకుందాం" చివరికి ఇక్కడికే చేరుతుంది. ఖర్చంతా మీదే. పైగా మీరు కోయించిన స్లాబుకు రేపు పగులు వస్తే వారంటీ వాళ్లు ముందు చూపించేది ఆ కోతనే.

ఏది ఎంచుకోవాలన్నది మీ ఇద్దరూ, అత్తగారూ తేల్చుకోవలసినది. నన్నడిగితే మొదటిదాని కోసం గట్టిగా నిలబడి, రెండోదానికి తలుపు తెరిచి ఉంచుతాను. కానీ ఆ ఇంట్లో నేను ఉండబోవడం లేదు.

మిగతా జాబితాలో ఇంకో రెండు నిజమైన విషయాలున్నాయి. వాటికి ఇంత చర్చ అక్కర్లేదు. ఒకటి, మెట్ల కింది గోడలో ప్లంబరు కోసిన స్టడ్డు, అంటే నిలువు కర్ర. బరువు మోసే గోడలో నిలువు కర్రకు దాని వెడల్పులో నాలుగో వంతుకు మించి గాటు పెట్టకూడదన్నది ఇళ్ల నిర్మాణ కోడ్ నియమం. రంధ్రమైతే 40 శాతం మించకూడదు. మూడున్నర అంగుళాల కర్రకు నాలుగో వంతంటే అంగుళం కన్నా తక్కువే. మీరు కొలత టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలో కోత రెండు అంగుళాలు దాటింది. అది బరువు మోసే గోడే అయితే పక్కన ఇంకో కర్ర జత చేయడమో, ఇందుకోసమే దొరికే ఉక్కు తొడుగు బిగించడమో చేస్తారు. వాళ్లకిది రోజూ ఉండే పనే, అడిగితే కాదనరు.

రెండోది పడమటి కిటికీ కింద ఇంటికి చుట్టిన తెల్లటి కవరు. పెంకుటిల్లు చూశారు కదా, పై పెంకు కింది పెంకు మీదికి వస్తుంది, వాన జారిపోతుంది. ఈ కవరూ అంతే, పై పొర కింది పొర మీద పడాలి. మీ ఫొటోలో కింది పొర అంచు పైకి వచ్చి పై పొరను కప్పేసింది. గోడ మీద జారిన నీళ్లు నేరుగా ఆ సంచిలోకి దిగుతాయి. ఇప్పుడైతే ఒక మనిషి, ఒక స్టేప్లరు, కొంత టేపు, పావుగంట. బయట ఇటుక పేర్చేశాక ఎవరికీ కనబడదు, కిటికీ కింద పెయింటు ఉబ్బే దాకా.

ఇక మిమ్మల్ని నిద్ర లేపుతున్నవి. కర్రల మీద పెన్సిలు గీతలు, వంగిన మేకులు, ఒక మూల బెరడు అంచు, స్లాబు మీద వెంట్రుక మందం గీతలు. ఆ గీతల రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉంటే అవి కాంక్రీటు ఆరేటప్పుడు సహజంగా వచ్చేవే. ఫ్రేము మీద వాన పడటం గురించి మూడు పేజీలు రాశారు. కప్పు వేయకముందు వాన పడని ఇల్లు అరుదు. తడిసిందా అన్నది అసలు ప్రశ్న కాదు, తడి మీదే మూసేస్తారా అన్నది ప్రశ్న. కర్రలో తేమ 19 శాతం మించకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఇన్సులేషన్ పెట్టే ముందు తేమ కొలిచారా అని ఒక్క వాక్యం అడగండి, ఆ మూడు పేజీలకూ అది సరిపోతుంది. పక్కింటికి ముందు కిటికీలు రావడం గురించి నేనేమీ చెప్పను.

మా సంగతి ఒకటి చెబుతాను. మేము ఇలాగే ఇల్లు కట్టించుకున్నప్పుడు గ్యారేజీ తలుపు రంగు మీద రెండు వారాలు ఈమెయిళ్లు నడిపాం. మేము కాగితం మీద ఎంచుకున్న రంగు కంటే ఒక ఛాయ ముదురు వచ్చిందని మా ఆవిడ, రాలేదని నేను. ఆ రెండు వారాల్లోనే పెరటి మట్టి సర్దారు. ఇంటి గోడ నుంచి బయటికి మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలు వాలు ఉండాలని ఆనాడు మాకు తెలియదు. మా మట్టి ఇంటి వైపే వాలింది. మొదటి పెద్ద వానకు గోడ వెంట నీళ్లు నిలిచాయి. గ్యారేజీ తలుపు రంగు ఇప్పుడు అడిగితే ఇద్దరమూ తడుముకుంటాం.

ఇక మేనేజరు మౌనం గురించి. 23 అంశాల జాబితా చూసిన మనిషి దాన్ని 23 పనులుగా చూడడు, ఒక్క కస్టమరుగా చూస్తాడు. మీరు ఆ జాబితాను వెనక్కి తీసుకోనక్కర్లేదు, కానీ దాని గురించి మళ్లీ ఎత్తకండి. కొత్తగా, విడివిడిగా మూడు ఈమెయిళ్లు పంపండి. షవరు గురించి ఈ మాదిరిగా ఉంటే బాగుంటుంది:

"మా ఒప్పందానికి జతచేసిన ఎంపికల పత్రంలో కింది బాత్రూముకు గట్టు లేని షవరు అని ఉంది. ఆ పేజీ జతచేస్తున్నాను. ప్రస్తుతం డ్రెయిన్ మధ్య నుంచి రెండు గోడలకు ఉన్న దూరాలు ఇవి, టేపుతో తీసిన ఫొటో ఇది. ఈ డ్రెయిన్ షవరు కోసమేనా, టబ్బు కోసమా అన్నది ప్లంబింగ్ ప్లాను చూసి బుధవారం లోగా తెలియజేయగలరు. ఇది తేలే వరకు ఆ గదిలో డ్రైవాల్ వేయవద్దని కోరుతున్నాను."

కోపం లేదు, విశేషణాలు లేవు, ఒక తేదీ ఉంది. బుధవారం దాటితే అదే ఈమెయిల్‌ను ఆయన పై అధికారికి, అంటే ఆ కాలనీ మొత్తం నిర్మాణం చూసే మేనేజరుకు పంపి, కింద ఒక్క వాక్యం చేర్చండి. ఫోనులో ఎవరేం చెప్పినా, ఆ సాయంత్రమే "మీరు ఇలా చెప్పారు" అని ఈమెయిల్ రాసి పెట్టుకోండి. ఒప్పందంలో చిన్న మార్పులు చేసుకునే హక్కు బిల్డరుకు ఇచ్చే వాక్యం ఒకటి ఉంటుంది, అది కూడా ఇవాళే చదవండి. ఒక ఛాయ రంగు అందులోకి రావచ్చు. టబ్బును షవరు అనడం వస్తుందని నేననుకోను.

అన్నట్టు, మీ తరఫు రియల్టరు ఎవరైనా ఉన్నారా? తొమ్మిది పేజీల్లో ఆ ప్రస్తావనే లేదు. ఉంటే కమీషను తీసుకునే రోజు కన్నా ముందు ఆయన్ను ఒకసారి నిద్ర లేపండి. ఇలాంటి ఈమెయిళ్లు ఆయన పేరు మీద వెళ్తే మీ మీద "ఎప్పుడూ ఫిర్యాదులే" అన్న ముద్ర పడదు.

డ్రైవాల్ వేయకముందు సొంతంగా ఒక ఇన్‌స్పెక్టరును పెట్టుకోండి. ఈ మాట దగ్గర మాత్రం నేను దారులు చూపడం ఆపి, చేయమనే చెబుతున్నాను. టెక్సాస్‌లో ఇళ్లు కట్టే బిల్డరుకు రాష్ట్రం లైసెన్సు అడగదు. 2003లో ఇందుకోసం ఒక కమిషను పెట్టారు, 2010 నాటికి దాన్ని ఎత్తేశారు. ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు మాత్రం రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషను లైసెన్సు తప్పనిసరి. కొన్ని వందల డాలర్లు అవుతుంది. "సిటీ వాళ్లు వచ్చి చూస్తారు కదా" అంటారు మీ వారు. చూస్తారు, కనీస కోడ్ మేరకు, కొద్ది నిమిషాల్లో. మీ లాటు సిటీ హద్దులు దాటి ఉంటే చాలాచోట్ల ఆ తనిఖీదారును కూడా బిల్డరే పెట్టుకుంటాడు. పైగా మీరు ఏం ఎంచుకున్నారో సిటీ ఇన్‌స్పెక్టరుకు తెలియదు, ఆయనకు అనవసరం కూడా. తప్పు చోట వేసినా గొట్టం సరిగ్గా వేసి ఉంటే ఆయన సంతకం పెట్టి వెళ్తారు. అందుకే మీరు పెట్టుకునే మనిషికి ఆ ఎంపికల పత్రం ముందే ఇవ్వండి. ఎప్పుడు రావచ్చు, బీమా కాగితం కావాలా అని బిల్డరు కార్యాలయాన్ని అడిగి మరీ పిలవండి. లేదంటే గేటు దగ్గరే ఆపేస్తారు.

అప్పుడు మీరు రోజూ వెళ్లనక్కర్లేదు. వారానికి రెండు సార్లు, వెలుతురు ఉండగా, ముందు చెప్పి వెళ్లండి. ఇంకా కడుతున్న మెట్లకు రెయిలింగు లేదని మీరే పదో అంశంలో రాశారు, అదే మెట్ల మీద పాపను పైకి తీసుకెళ్లానని నాలుగో పేజీలో రాశారు. పాపను తీసుకెళ్లకండి. ఫొటోల పని మాత్రం మానకండి, పద్ధతి మార్చండి. డ్రైవాల్‌కు ముందు రోజు గదికి నాలుగు గోడలూ వరసగా, దూరం నుంచి, టేపు ఆనించి తీయండి. అరవై డెబ్బై ఫొటోలు అవుతాయి. గొట్టాలు, కరెంటు తీగలు ఏ గోడలో ఎక్కడున్నాయో రేపు టీవీ బిగించే రోజున ఆ డెబ్బై చెబుతాయి. దగ్గరగా తీసిన ఆ 1,900లో అది ఏ గోడో మీకే గుర్తుండదు.

మీ వారి గురించి ఒక మాట. ఆయన చెప్పే "చివర్లో" నిజంగానే ఒక రోజు ఉంది. తాళం ఇచ్చే ముందు ఇల్లంతా తిప్పుతారు, మీరు నీలం టేపు ముక్కలు అంటిస్తూ పోవచ్చు. గీతలు పడ్డ కౌంటరు, బిగిసిపోయే తలుపు, పెయింటు మరకలు ఆ రోజు పనులు. మీ జాబితాలో సగానికి పైగా ఆ రోజుకు వాయిదా వేసినా నష్టం లేదని ఆయన అంటే సరిగ్గానే అన్నట్టు. కానీ నీలం టేపు డ్రైవాల్ మీద అంటుతుంది, దాని వెనకాల అంటదు. ఇద్దరూ ఒక సాయంత్రం ఆ 23నూ ముందు పెట్టుకుని, మూసేలోపు తేల్చవలసినవి, నీలం టేపు రోజుకు వదిలేవి అని విడదీయండి. ఈమెయిళ్లు రాసే పని ఆయనకు అప్పగించండి. పరువు పోతోందని భయపడే మనిషి ఈమెయిల్ చాలా పద్ధతిగా రాస్తాడు, నా అనుభవం.

సేల్స్ ఆవిడ మాటలకు బెదరకండి, అలాగని తేలిగ్గా కూడా తీసుకోకండి. వదిలేసుకోవడం కూడా మీకున్న దారుల్లో ఒకటి. మీరుగా తప్పుకుంటే బయానా సొమ్ము, డిజైన్ సెంటరులో కట్టినది పోయే అవకాశం ఎక్కువ. బిల్డరు రద్దు చేయాలంటే సాధారణంగా ఒప్పందంలో కారణం ఉండాలి. ఏయే కారణాలు రాసుకున్నారో ఆ క్లాజు చదివితే తెలుస్తుంది. తగాదా వస్తే కోర్టు కాదు, మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు కూడా ఇలాంటి ఒప్పందాల్లో మామూలు. వ్యవహారం నిజంగా ముదిరితే, దావాకు 60 రోజుల ముందు బిల్డరుకు రాతపూర్వక నోటీసు ఇచ్చి, సరిదిద్దే అవకాశం ఇవ్వాలన్నది టెక్సాస్ చట్టం. అక్కడిదాకా వెళ్లే ముందు ఒప్పందం చదివి పెట్టడానికి ఒక లాయరుకు గంట రెండు గంటల ఫీజు ఇవ్వడం దండగ కాదు. షవరు మీద వాళ్లు సూటిగా జవాబివ్వకపోతేనే ఆ ఖర్చు.

ముహూర్తం సంగతి మీరు ఎవరికీ చెప్పలేక నాకు చెప్పినట్టున్నారు. ఒప్పందంలో ఇచ్చే తేదీ అంచనా మాత్రమే, అది వెనక్కి జరగడం మామూలే. అక్టోబరు ఫలానా రోజు మీకు తప్పదని బిల్డరు మనుషులకు తెలిస్తే, పూర్తికాని పనుల మీద సంతకం పెట్టించుకోవడం వాళ్లకు తేలికవుతుంది. క్లోజింగ్ దాకా, అంటే ఇల్లు మీ పేరుకు మారే దాకా, మీ మాటకు విలువ ఎక్కువ. ఆ తరువాత మీరు వారంటీ విభాగం వరసలో నిలబడతారు. ఆ వారంటీ మామూలుగా పనితనానికి ఏడాది, గొట్టాలు, కరెంటు, ఏసీ వ్యవస్థలకు రెండేళ్లు, నిర్మాణానికి పదేళ్లు. టెక్సాస్‌లో 2023లో చట్టం మారాక చివరి అంకె ఆరేళ్లుగా ఉన్న వారంటీలూ వస్తున్నాయి, మీది ఏదో చూసుకోండి. బ్యాంకు వడ్డీ రేటును ముందుగా ఖాయం చేసే లాక్ కూడా అంచనా తేదీని నమ్మి ముందే తీసుకోకండి, పొడిగిస్తే డబ్బు అడుగుతారు.

అత్తగారికి ఈ మాట మీరు చెబితే ఒకలా, కొడుకు చెబితే ఇంకోలా ఉంటుంది. కొడుకునే చెప్పమనండి. "నీ బాత్రూము కోసమే ఆగుతున్నామమ్మా" అంటే ఆవిడే ఇంకో ముహూర్తం వెతికిస్తారని నా నమ్మకం. టిక్కెట్లు ఉన్నాయి కాబట్టి రానివ్వండి. అపార్టుమెంటు లీజు నెలనెలా పొడిగించుకునే వీలుందేమో ఈ వారమే కనుక్కోండి.

ఇన్‌స్పెక్టరు నివేదిక చేతికొచ్చాక కూడా రాత్రి రెండింటికి మెలకువ వస్తూనే ఉంటే అది ఇంటి సమస్య కాదు, డాక్టరుకు చెప్పండి.

ఈ శనివారం ఉదయం టేపు పట్టుకుని ఒక్క బాత్రూముకే వెళ్లండి. గొట్టం నడిమి నుంచి వెనక గోడకు ఎంత, పక్క గోడకు ఎంత, ఆ రెండు అంకెలూ రాసుకోండి. ఇంకా డ్రైవాల్ లేదు కాబట్టి కొలత స్టడ్డు దాకా వస్తుంది, డ్రైవాల్, టైలు మందం తరువాత కలుస్తాయని ఈమెయిల్‌లో ఒక ముక్క చేర్చండి. సోమవారం తొమ్మిదింటికల్లా అది మేనేజరు పెట్టెలో ఉండాలి.